కారు ఇంజన్ బిగించిన సొంత విమానంలో ఆయిల్ ఫిల్టర్ వదులు కాకుండా ఎలా కట్టాలి?

తూనీగరెక్క · డాలస్

అందరికీ నమస్కారం. ఇంటి గ్యారేజీలో కడుతున్న రెండు సీట్ల విమానానికి సుబారు ఈఏ81 ఇంజన్ బిగించాను. 1980ల నాటి కార్లలో వచ్చిన 1.8 లీటర్ల ఇంజన్ అది. రిడక్షన్ డ్రైవ్ (ఇంజన్ వేగాన్ని తగ్గించి ప్రొపెల్లరును తిప్పే భాగం) ఫ్లైవీల్ వైపు ఉంది కాబట్టి, కారులో ముందుండే భాగం ఇక్కడ ఫైర్‌వాల్ (ఇంజన్‌కూ కాక్‌పిట్‌కూ మధ్య గోడ) వైపుకు వచ్చింది. ఆయిల్ పంపు, దానికి నేరుగా ఎక్కే ఫిల్టర్ రెండూ ఆ మూలనే ఉన్నాయి. అక్కడ చెయ్యి పడుతుంది గాని తల పట్టదు.

మొన్న ఈఏఏ (సొంతంగా విమానాలు కట్టుకునేవాళ్ల అమెరికా సంఘం) సాంకేతిక సలహాదారు ఒకాయన వచ్చి ఇంజన్ అంతా చూశారు. వైరింగ్ బాగుందన్నారు, ఇంధన గొట్టాలు బాగున్నాయన్నారు. ఫిల్టర్ దగ్గర టార్చి పెట్టి, "ఇది తిరిగిపోకుండా ఏది ఆపుతోంది?" అని అడిగారు. చేత్తో బిగించిన బిగింపు, రబ్బరు గ్యాస్కెట్ పట్టు తప్ప ఇంకేమీ లేదు. విమానాల కోసం చేసే ఫిల్టర్లకు లాక్‌వైర్ (తిరిగిపోకుండా కట్టే తీగ) పెట్టుకునే రంధ్రాలు ఉంటాయి. కారు ఫిల్టర్ నున్నటి డబ్బా. దానికి తీగ ఎక్కడ కట్టాలి? హోస్ క్లిప్పు (గొట్టాల చుట్టూ స్క్రూతో బిగించే పట్టీ) వేసి కట్టేవాళ్లు ఉన్నారని విన్నాను. చేసినవాళ్లు వివరంగా చెబితే మేలు. ఈ విమానంలో నా పక్క సీటులో మా అమ్మాయి కూర్చుంటుంది. పని పక్కాగా ఉండాలి.

లాక్‌వైర్ · సికింద్రాబాద్

తూనీగరెక్క గారూ, ఆ సలహాదారు అడగవలసిన ప్రశ్నే అడిగారు. నేను విమానాల మరమ్మతు షెడ్లలోనే పనిచేసి రిటైరయ్యాను. మా దగ్గర తీగ వెయ్యకుండా ఆయిల్ పనికి సంతకం పెట్టేవాళ్లం కాదు.

క్లిప్పు పద్ధతి మంచిదే. అయితే ఎలా వేశారన్నదే ముఖ్యం. పూర్తి స్టెయిన్‌లెస్ స్టీలు క్లిప్పు తీసుకోండి, స్క్రూతో సహా. మార్కెట్లో దొరికే చాలా క్లిప్పులకు పట్టీ స్టెయిన్‌లెస్, స్క్రూ మాత్రం పూత పూసిన మామూలు ఇనుము ఉంటుంది. అయస్కాంతం దగ్గర పెట్టి చూస్తే తేడా తెలిసిపోతుంది. క్లిప్పును డబ్బా నడుముకు వెయ్యకండి. అక్కడ రేకు పల్చన, బిగిస్తే లోపలికి నొక్కుకుపోతుంది. ఇంజన్ వైపు చివర, రేకు మడత వేసి మూసిన అంచుకు దగ్గరగా వెయ్యండి. డబ్బాలో అన్నిటికన్నా గట్టి భాగం అదే.

డబ్బా మీద పెయింటు నున్నగా ఉంటుంది, పైగా చేతి నూనె అంటుకుని ఉంటుంది. క్లిప్పు వేసే చోట అసిటోన్‌తో శుభ్రంగా తుడిచి, పట్టీ కింద సన్నని సిలికోన్ రబ్బరు పట్టీ ఒకటి చుట్టండి. రబ్బరు ఉంటే తక్కువ బిగింపుతోనే ఎక్కువ పట్టు వస్తుంది, రేకు నొక్కుకుపోదు.

ఇక తీగ. 0.8 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ లాక్‌వైర్, రెండు పోగులు మెలేసి కట్టాలి. ఫిల్టర్ విప్పుకునే వైపు తిరగబోతే తీగ బిగుసుకోవాలి. ఇది తిరగేసి కట్టినవాళ్లను చాలామందిని చూశాను. ఫిల్టర్ మూసి ఉన్న వైపు నుంచి చూస్తే కుడివైపుకు తిప్పితే బిగుస్తుంది. తీగ కూడా అటే లాగుతూ ఉండాలి.

నీలిగగనం · ఫ్లోరిడా

నాకు వేరే అభిప్రాయం ఉంది. నేను రోటాక్స్ 912 విమానం నడుపుతున్నాను. రోటాక్స్ ఫిల్టర్‌కు తీగ లేదు, క్లిప్పు లేదు. గ్యాస్కెట్ తగిలాక చేత్తో ముప్పావు చుట్టు తిప్పమంటుంది కంపెనీ, అంతే. ఆ ఇంజన్లు ప్రపంచమంతా వేలకొద్దీ ఎగురుతున్నాయి. ఫిల్టర్ సరిగ్గా బిగిస్తే ఊడదు. తీగ ఉంది కదా అన్న ధైర్యంతో బిగింపు మీద శ్రద్ధ తగ్గితే అదే అసలు ప్రమాదం. అనవసరమైన భాగం విమానంలో ఉండకూడదన్నది కూడా భద్రతా సూత్రమే.

టార్క్‌రెంచి · పుణె

నీలిగగనం గారి మాటలో ఒక నిజం ఉంది. దాన్ని లెక్కల్లోకి తెస్తే విషయం స్పష్టమవుతుంది.

ఫిల్టర్‌ను పట్టి ఉంచేది గ్యాస్కెట్ నలగడం వల్ల మరలో పుట్టే లాగుడు. సుబారు ఫిల్టర్ మర ఎం20 (20 మిల్లీమీటర్ల వ్యాసం), పిచ్ (పక్కపక్క మర పళ్ల మధ్య దూరం) 1.5 మిల్లీమీటర్లు. ముప్పావు చుట్టు తిప్పితే ఫిల్టర్ సుమారు 1.1 మిల్లీమీటర్లు ముందుకు జరుగుతుంది, గ్యాస్కెట్ అంత నలుగుతుంది. ఆ 1.1 మిల్లీమీటర్లే మన పెట్టుబడి అంతా. రబ్బరు 100 డిగ్రీల నూనె దగ్గర గంటల తరబడి ఉంటే కొంత శాశ్వతంగా అణిగిపోతుంది. తిరిగి ఉబికే బలం తగ్గుతుంది. బలం తగ్గిన కొద్దీ రాపిడి తగ్గుతుంది, రాపిడి తగ్గిన కొద్దీ కంపనానికి ఫిల్టర్ తిరగడం సులువవుతుంది. ఎనిమిదో వంతు చుట్టు వెనక్కి వస్తే దాదాపు 0.2 మిల్లీమీటర్లు పోయినట్టు.

ఇప్పుడు లోపలి ఒత్తిడి చూడండి. గ్యాస్కెట్ వ్యాసం 62 మిల్లీమీటర్లు అనుకుంటే వైశాల్యం 30 చదరపు సెంటీమీటర్లు. ఆయిల్ ఒత్తిడి 5 బార్ ఉంటే ఫిల్టర్‌ను ఇంజన్ నుంచి అవతలికి నెట్టే బలం 1,500 న్యూటన్లు. అంటే 150 కిలోల బరువు వేలాడదీసినట్టే. చలికాలం ఉదయం చిక్కటి నూనెతో స్టార్ట్ చేసినప్పుడు రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి హద్దు దాటకుండా చూసే వాల్వ్) ఇరుక్కుపోతే ఒత్తిడి రెట్టింపు కావచ్చు, అప్పుడు బలం 300 కిలోలు. ఆ క్షణంలో గ్యాస్కెట్ బయటికి తన్నుకురావచ్చు. దాన్ని ఏ తీగా ఆపలేదు.

కాబట్టి తీగ చేసే పని ఒక్కటే, తిరగకుండా ఆపడం. బిగించే పని దానిది కాదు. బిగింపు మన చేతిలో ఉంది. ఈ రెండింటిలో ఒకటి చేశాం కాబట్టి రెండోది అక్కర్లేదనడం ఇంజనీరింగ్ కాదు.

రోటాక్స్ పోలిక ఇక్కడ కుదరదు. ఆ కంపెనీ ఆ ఇంజన్‌కు, ఆ ఫిల్టర్‌కు, ఆ గేర్‌బాక్స్‌కు కలిపి పరీక్షలు చేసింది. ఫలానా ఫిల్టరే వాడమంటుంది. ఈఏ81కు కారు కంపెనీ చేసిన పరీక్షలు కారు కోసం. ప్రొపెల్లరు నుంచి వెనక్కి వచ్చే కుదుపులు, గంటల తరబడి 75 శాతం శక్తి, వేరే రకం మౌంటు, ఇవి ఆ పరీక్షల్లో లేవు. మన ఇంజన్‌కు ఆ పరీక్ష చేస్తున్నది మనమే, గాలిలో.

రేసుబైకు · చెన్నై

రేసింగ్ వైపు నుంచి ఒక మాట. ఇరుంగాట్టుకోట్టై ట్రాకు మీద బైకులు నడుపుతాను. అంతర్జాతీయ మోటార్‌సైకిల్ రేసింగ్ నిబంధనల్లోనే డ్రెయిన్ ప్లగ్గులకు, బయట ఉండే ఆయిల్ ఫిల్టర్లకు లాక్‌వైర్ ఉండాలని ఉంది. ఆయిల్ ట్రాకు మీద పడితే పడిపోయేది వెనకవాడు, అందుకే అంత కచ్చితం.

మేము తీగ కట్టుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి క్లిప్పు. రెండోది, రేసింగ్ కోసం అమ్మే కొన్ని ఫిల్టర్ల అడుగున 1 అంగుళం నట్టు అతికించి, దానికి అడ్డంగా రంధ్రం వేసి ఇస్తారు. పానా పెట్టి విప్పవచ్చు, తీగ నేరుగా దూర్చవచ్చు. మీ ఇంజన్ మరకు సరిపడేది దొరికితే ఇది సులువు. కాకపోతే ఆ నట్టును రేకుకు స్పాట్ వెల్డింగ్‌తో అతికిస్తారు. వెల్డ్ చుక్క దగ్గర రేకు పల్చబడితే సూది మొనంత రంధ్రం నుంచి నూనె చెమ్మగిల్లవచ్చు. కొత్తది కొన్నప్పుడు నట్టు చుట్టూ వేలు తిప్పి చూడండి, ఇంజన్ నడిపాక టిష్యూ కాగితంతో తుడిచి చూడండి. ఆ నట్టు పట్టుకుని ఫిల్టర్‌ను బిగించకండి, విప్పడానికే వాడండి.

గుంటూరుగాలి · గుంటూరు

నేను ఏరోనాటికల్ చదువుతున్న విద్యార్థిని. ఒక సందేహం. లక్షల కార్లు ఏ తీగా లేకుండా తిరుగుతున్నాయి. మా నాన్నగారి కారు 10 ఏళ్లుగా చూస్తున్నాను, ఎప్పుడూ ఫిల్టర్ ఊడలేదు. విమానంలో ప్రమాదం అంత పెరుగుతుందా, లేక ఫలితం పెద్దదని జాగ్రత్తా?

టార్క్‌రెంచి · పుణె

రెండూ. కారు ఎక్కువ సమయం పావు వంతు శక్తి కూడా వాడదు. విమానం రన్‌వే మీద పూర్తి శక్తి, ఎక్కేటప్పుడు పూర్తి శక్తి, ఆ తర్వాత ముప్పావు శక్తి. నూనె వేడి ఎక్కువ, ఒత్తిడి నిలకడగా ఎక్కువ, కుదుపు ఎక్కువ. ఊడే అవకాశం కొంత పెరుగుతుంది.

ఊడితే ఏమవుతుందన్నది ఇంకా పెద్ద తేడా. పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ ఇంజన్‌ను విమానాల్లో ఎంతోమంది వాడారు. దాని సంపులో పట్టే నూనె 2.5 లీటర్లు. ఫిల్టర్ గ్యాస్కెట్ తన్నుకొస్తే పంపు తనంతట తానే ఆ నూనెను బయటికి తోడేస్తుంది, నిమిషం కూడా పట్టదు. కారు అయితే ఎర్ర దీపం చూసి పక్కకు ఆపుతారు. విమానం 300 అడుగుల ఎత్తులో ఉంటే ఎదురుగా ఏ పొలం ఉందన్నదే మిగిలిన ప్రశ్న. పైగా ఆ నూనె వేడి సైలెన్సరు గొట్టాల మీద పడుతుంది. పొగ, ఒక్కోసారి మంట.

ఓష్‌కోష్‌బాట · విస్కాన్సిన్

ఇక్కడ మెకానిక్ లైసెన్సు ఉన్నవాడిని, ఈఏఏ స్థానిక శాఖలో కొత్తవాళ్ల విమానాలు చూస్తుంటాను. పుస్తకం ఏమంటుందో చెబుతాను.

ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) సలహా పత్రం ఏసీ 43.13-1బి లో లాక్‌వైర్ గురించి ఒక విభాగం ఉంది. అంగుళానికి 6 నుంచి 8 మెలికలు. చివర పావు నుంచి అర అంగుళం తోక, దాన్ని వెనక్కి మడవాలి, లేకపోతే తరువాత చెయ్యి పెట్టినవాడి చర్మం చీరుతుంది. ఒకసారి విప్పిన తీగ మళ్లీ వాడకూడదు. మీది ఎక్స్‌పెరిమెంటల్ (సొంతంగా కట్టుకున్న) విమానం కాబట్టి ఆ పత్రం మీకు చట్టంగా వర్తించదు. కానీ ధ్రువీకరణకు వచ్చే తనిఖీదారు కళ్లలో ఉండే కొలబద్ద అదే.

విమాన ఫిల్టర్ ఎలా ఉంటుందో కూడా చూడండి. ఛాంపియన్ సీహెచ్48110 లాంటి దాని అడుగున 1 అంగుళం హెక్స్ (ఆరు పలకల నట్టు), తీగకు రంధ్రాలు ఉంటాయి. టార్క్ (తిప్పి బిగించే బలం) 16 నుంచి 18 అడుగు-పౌండ్లు, అంటే 22 నుంచి 24 న్యూటన్ మీటర్లు. డబ్బా మీదే ముద్రించి ఉంటుంది. గ్యాస్కెట్‌కు డీసీ-4 సిలికోన్ గ్రీజు రాస్తారు. అంటే విమాన పరిశ్రమ కచ్చితమైన బిగింపునూ అడుగుతుంది, తీగనూ అడుగుతుంది.

ఇంకొకటి, మనం డబ్బా మీదే చూపు పెట్టి దాని వెనకున్న దాన్ని మరిచిపోతాం. ఫిల్టర్ ఎక్కే నిపుల్ (మర ఉన్న పొట్టి గొట్టం), లేదా ఆయిల్ కూలర్ కోసం మధ్యలో పెట్టే శాండ్‌విచ్ ప్లేటు. సర్టిఫైడ్ విమానాల్లోనే కాంటినెంటల్ ఇంజన్లకు బిగించిన సెస్నా ఫిల్టర్ అడాప్టర్ల మీద ఎఫ్‌ఏఏ 96-12-22 అనే ఆదేశం ఇచ్చింది. అడాప్టర్ బిగింపును తనిఖీ చెయ్యాలి, కదిలితే తెలిసేలా టార్క్ పుట్టీ గీత ఉండాలి. మీరు డబ్బాకు ఎంత బలంగా తీగ కట్టినా, నిపుల్ బ్లాకులోంచి వదులైతే డబ్బా నిపుల్‌తో సహా తిరుగుతుంది. నిపుల్‌ను విప్పి, శుభ్రం చేసి, బ్లాకు వైపు మరకు లాక్‌టైట్ (మర వదులు కాకుండా పట్టే జిగురు) వేసి బిగించి, అది ఆరాకే ఫిల్టర్ ఎక్కించండి. శాండ్‌విచ్ ప్లేటు ఉంటే దానికి తిరగకుండా ఆపే పిన్ను ఉందా చూడండి.

తూనీగరెక్క · డాలస్

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. మూడు ప్రశ్నలు మిగిలాయి.

ఒకటి, డబ్బా అడుగున చిన్న పలక బ్రేజింగ్ (వేరే లోహం కరిగించి అతికించడం) చేసి రంధ్రం వేస్తే క్లిప్పు గొడవే ఉండదు కదా? రెండు, నేరుగా విమాన ఫిల్టరే ఎందుకు వాడకూడదు? మూడు, ఫిల్టర్‌ను ఇంజన్ మీద నుంచి తీసేసి ఫైర్‌వాల్ మీద పెట్టి గొట్టాలతో కలిపితే కంపనం సమస్యే పోతుంది కదా?

లాక్‌వైర్ · సికింద్రాబాద్

మొదటిది వద్దే వద్దు. డబ్బా లోపల కాగితం ఉంది, దాన్ని పట్టి ఉంచే జిగురు ఉంది, నూనె వెనక్కి జారకుండా ఆపే రబ్బరు వాల్వ్ ఉంది. బ్రేజింగ్ వేడికి లోపల ఏది కరిగిందో, ఏది ముడుచుకుందో బయటికి కనిపించదు. ఎపాక్సీతో అతికించేవాళ్లు ఉన్నారు. అది కూడా పెయింటు మీద అతికిస్తే పెయింటుతో సహా ఊడి వస్తుంది, రేకు దాకా గీకి అతికించాలి. ప్రతి ఫిల్టర్‌కూ ఆ పని కన్నా క్లిప్పే నయం. క్లిప్పు పది ఫిల్టర్లకు పనికొస్తుంది.

ఓష్‌కోష్‌బాట · విస్కాన్సిన్

రెండో ప్రశ్నకు జవాబు. ఛాంపియన్ 48110 మర ముప్పావు అంగుళం, అంగుళానికి 16 మరలు. మీ సుబారు నిపుల్ ఎం20. ఇంచు మర ఫిల్టర్ ఎం20 నిపుల్ మీద ఎక్కనే ఎక్కదు, కాబట్టి ఇటువైపు ప్రమాదం లేదు. తిరగేసిన కథ చాలా ప్రమాదం, అది అందరూ గుర్తుపెట్టుకోవాలి. ముప్పావు అంగుళం అంటే 19.05 మిల్లీమీటర్లు. దాని మీద ఎం20 ఫిల్టర్ చక్కగా ఎక్కుతుంది, తిరుగుతుంది, గ్యాస్కెట్ తగిలాక బిగిసినట్టే అనిపిస్తుంది. కానీ మర పళ్లు ఒకదానిలో ఒకటి దిగేది ఉండవలసిన దానిలో సగం కూడా కాదు, పిచ్ కూడా 1.59కి 1.5. ఒత్తిడి వచ్చినప్పుడు పళ్లు జారి డబ్బా మొత్తం ఎగిరిపోతుంది. ఫోక్స్‌వాగన్ మార్పిడి ఇంజన్ల ఫిల్టర్ మౌంట్లలో ఎక్కువగా ఉండేది ఇంచు మరే. షాపులో రెండు డబ్బాలు పక్కపక్కన పెడితే కవలల్లా కనిపిస్తాయి. అందుకే గ్యాస్కెట్ తగలక ముందు, రెండు మూడు చుట్లు ఎక్కాక డబ్బాను పక్కలకు ఊపి చూడండి. గలగల ఊగితే వెంటనే తీసెయ్యండి.

మర సరిపోయినా బైపాస్ వాల్వ్ (కాగితం మూసుకుపోతే నూనెను పక్కదారిన పంపే వాల్వ్) సంగతి చూడాలి. కొన్ని ఇంజన్లలో అది బ్లాకులో ఉంటుంది, కొన్నిట్లో ఫిల్టర్‌లో. మీ ఇంజన్ ఫిల్టర్‌లో ఉంటుందని నమ్ముకుని ఉంటే, బైపాస్ లేని ఫిల్టర్ పెట్టినప్పుడు కాగితం మూసుకుపోయిన రోజు బేరింగులకు నూనె అందదు.

నీలిగగనం · ఫ్లోరిడా

మూడో ప్రశ్నలో నా పాత వాదనే మళ్లీ పనికొస్తుంది. ఫైర్‌వాల్ మీద పెడితే డబ్బాకు కంపనం తగ్గుతుంది, నిజమే. కానీ కొత్తగా రెండు గొట్టాలు, నాలుగు జాయింట్లు వచ్చాయి. ఆ గొట్టాల్లో ప్రవహించేది పంపు ఇచ్చే పూర్తి నూనె. ఒక్కటి చిట్లినా ఫిల్టర్ ఊడినంత పనీ అవుతుంది. అగ్ని తొడుగులు, బరువు, ఇంజన్ ఊగేందుకు చాలినంత గొట్టం పొడవు, అన్నీ చూసుకోవాలి. ఫిల్టర్ ఇంజన్ మీద ఉండనివ్వండి.

టార్క్‌రెంచి గారి లెక్క చూశాక తీగ విషయంలో నా మాట మార్చుకుంటున్నాను. కంపెనీ పరీక్షించని జోడింపుకు రెండో రక్షణ ఉండాల్సిందే. బిగింపు మీద శ్రద్ధ తగ్గకూడదన్న మాట మీద మాత్రం నిలబడతాను.

టార్క్‌రెంచి · పుణె

ఫైర్‌వాల్ విషయంలో నీలిగగనం గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. ఇంజన్ మీదే ఉంచితే పొడవాటి ఫిల్టర్ బదులు అదే మర, అదే గ్యాస్కెట్ ఉన్న పొట్టిది ఎంచుకోండి. నూనె నిండిన డబ్బా అడ్డంగా వేలాడుతున్నప్పుడు దాని బరువు, పొడవు రెండూ నిపుల్ మీద వంపు బలంగా పడతాయి. కాగితం వైశాల్యం తగ్గుతుంది కాబట్టి నూనె కొంచెం ముందుగా మార్చాలి, అంతే.

క్లిప్పు పట్టు సరిపోతుందా లేదా ఊహించనక్కర్లేదు, కొలవవచ్చు. పాత ఫిల్టర్ ఒకటి వైసులో కాకుండా ఏదైనా నిపుల్ మీద గట్టిగా బిగించండి. వైసు రేకును నొక్కేస్తుంది. రబ్బరు పట్టీ, క్లిప్పు వేసి, కొంచెం నూనె పూయండి. నిజ జీవితంలో అక్కడ నూనె ఉండనే ఉంటుంది. తీగ కట్టే చోట స్ప్రింగు కాటా తగిలించి, అంచుకు సమాంతరంగా లాగండి. 20 కిలోల దాకా క్లిప్పు జారకపోతే చాలు. 33 మిల్లీమీటర్ల వ్యాసార్థం దగ్గర అది 6.5 న్యూటన్ మీటర్లు. కంపనం కొద్దికొద్దిగా తిప్పే బలం దానికన్నా చాలా తక్కువ.

రేసుబైకు · చెన్నై

కాటా ఆలోచన బాగుంది, ఈ వారం మా షెడ్డులో చేసి చూస్తాను. తీగ పెట్టుకునే చోటు గురించి ఒక చిట్కా. స్క్రూ గూడు పక్కన పట్టీ కింద నుంచి తీగ దూరిస్తే పట్టీ అంచు తీగను కోస్తుంది. సన్నని స్టెయిన్‌లెస్ రేకుతో ఎల్ ఆకారం ముక్క చేసి, క్లిప్పు డబ్బాకు వెయ్యక ముందే పట్టీకి స్పాట్ వెల్డ్ చేయించండి. ముక్కకు రంధ్రం వేసి, రంధ్రం అంచును రెండువైపులా నునుపు చెయ్యండి. తీగ దానిలోంచి పోతుంది. క్లిప్పు స్క్రూ తలకు కూడా రంధ్రం వేసి అదే తీగను దాని గుండా పంపితే స్క్రూ వదులయ్యే భయమూ ఉండదు.

లాక్‌వైర్ · సికింద్రాబాద్

ఇంతమంది ఇన్ని చెప్పారు గాని, నేను చూసిన ఫిల్టర్ ప్రమాదాల్లో పెద్ద కారణం వదులు కావడం కాదు. రెండు గ్యాస్కెట్లు. పాత ఫిల్టర్ విప్పినప్పుడు దాని రబ్బరు రింగు ఇంజన్ ముఖానికే అతుక్కుని ఉండిపోతుంది. అది నల్లగా ఉంటుంది, ఇంజన్ ముఖం నూనెతో నల్లగా ఉంటుంది, కంటికి ఆనదు. దాని మీద కొత్త ఫిల్టర్ ఎక్కిస్తే రబ్బరు మీద రబ్బరు. చేతికి బిగింపు బ్రహ్మాండంగా అనిపిస్తుంది. తీగ కట్టినా అందంగా ఉంటుంది. ఇంజన్ వేడెక్కి ఒత్తిడి పెరిగాక ఒక రింగు పక్కకు జారి, నూనె ఒక్కసారిగా బయటికి వస్తుంది.

మా షెడ్డులో ఒక ఆచారం ఉండేది. విప్పిన ఫిల్టర్‌ను తిప్పి పెట్టి, దాని గాడిలో రింగు ఉందని వేలితో తాకి చూపించాలి, అప్పుడే కొత్తది చేతికి ఇచ్చేవారు. రింగు లేదంటే అది ఇంజన్ మీద ఉన్నట్టే. ఇంజన్ ముఖం మీద తెల్ల గుడ్డ పెట్టి చుట్టూ తుడవాలి, తుడిచాక వేలు తిప్పాలి. మీ ఫైర్‌వాల్ మూలలో తల పట్టదన్నారు కదా, పళ్ల డాక్టర్లు వాడే చిన్న అద్దం ఒకటి కొనండి. పది డాలర్లు కూడా కాదు.

తూనీగరెక్క · డాలస్

అద్దం ఆర్డరు పెట్టేశాను. అందరూ చెప్పినదంతా కలిపి నేను చెయ్యబోయేది ఇది, తప్పుంటే దిద్దండి.

నిపుల్ విప్పి, లాక్‌టైట్‌తో తిరిగి బిగించి, ఇంజన్ మీదా నిపుల్ మీదా గీత. ఎం20 పొట్టి ఫిల్టర్, గ్యాస్కెట్‌కు ఇంజన్ నూనె పల్చగా. తగిలాక ముప్పావు చుట్టు. కనిపించే వైపున డబ్బా నుంచి పంపు మీదికి నారింజ లక్క గీత ఒకటి. ఇంజన్ నడిపి, వేడెక్కాక ఆపి, అద్దంతో, టిష్యూతో చూసి, చెమ్మ లేదంటే క్లిప్పు, తీగ. తీగ రెండో చివర పంపును పట్టి ఉంచే బోల్టుల్లో ఒకదానికి. ఆ బోల్టు తలకు రంధ్రం వేస్తాను. తొలి 40 గంటల పరీక్ష ఎగురుడులో ప్రతిసారి కౌలింగ్ (ఇంజన్ మీది తొడుగు) తీసినప్పుడు గీత చూస్తాను.

ఓష్‌కోష్‌బాట · విస్కాన్సిన్

బాగుంది, ఒక్క చోట ఆగండి. పంపు బోల్టు తలకు మీరే రంధ్రం వెయ్యకండి. తల రంధ్రంతోనే వచ్చే బోల్టులు అదే మందం, అదే మర, అదే పొడవు, అంతకు తగ్గని బలంతో దొరికితేనే వాడండి. పొడవు కొంచెం తేడా వచ్చినా బోల్టు లోపల రంధ్రం అడుగుకు తగిలి బిగిసినట్టు నటిస్తుంది, పంపు ముఖం వదులుగానే ఉంటుంది. అలాంటిది దొరక్కపోతే, అదే బోల్టు కింద రంధ్రమున్న చిన్న ఉక్కు పలక పెట్టి దానికి తీగ కట్టండి. పలక మందం పోను మరలో ఎంత దిగిందో కొలిచి చూసుకోండి. పలక తిరిగిపోకుండా ఒక అంచును పంపు పక్క గోడకు ఆనేలా వంచండి.

ఫిల్టర్ వేడిగా ఉన్నప్పుడు చెమ్మ కనిపిస్తే ఇంకొంచెం తిప్పుదాం అనుకోకండి. చల్లారనిచ్చి విప్పి, ముఖం, రింగు చూసి, కొత్త ఫిల్టర్‌తో మొదటి నుంచి చెయ్యండి.

లాక్‌వైర్ · సికింద్రాబాద్

తీగ ఎలా వెయ్యాలో కూడా చెబుతాను, ఫోటోలో ఇది తెలియదు. తీగను ముందు బోల్టు వైపు రంధ్రంలో దూర్చి, రెండు పోగులూ సమంగా చేతికి తీసుకోండి. మొదటి రెండు మెలికలు చేత్తో వెయ్యండి, తలకు అంటుకుని ఉండేలా. తరువాతే ప్లయర్లు. క్లిప్పు ముక్క దాకా చేరవలసిన పొడవుకు కొంచెం ముందు ఆపి, ఒక పోగు రంధ్రంలో దూర్చి, అప్పుడు లాగండి. సరిగ్గా బిగిసిన తీగను వేలితో మీటితే కొద్దిగా ఊగి నిలబడుతుంది. వీణ తీగలా మోగిందంటే ఎక్కువ లాగారు, ఇంజన్ వేడికి సాగి తెగుతుంది. మెలిపెట్టేటప్పుడు ప్లయర్ల పళ్లు తీగ మీద గీతలు పెడితే ఆ ముక్క పారేసి కొత్తది తీసుకోండి. తెగేది ఆ గీత దగ్గరే.

ఆ మూలలో చెయ్యి తిరగదు కాబట్టి, ఇంజన్ దించి ఉన్నప్పుడే పాత ఫిల్టర్ మీద ఇదంతా ఒకటికి రెండుసార్లు చేసి చూడండి. దారి ఏ గొట్టానికీ, ఏ వైరుకూ రాసుకోకూడదు.

గుంటూరుగాలి · గుంటూరు

విప్పిన పాత ఫిల్టర్‌ను ఏం చేస్తారు? పారేస్తారా?

ఓష్‌కోష్‌బాట · విస్కాన్సిన్

పారెయ్యరు. డబ్బాను ఫిల్టర్ కట్టర్‌తో అంచు చుట్టూ కోసి తెరుస్తాం. రంపంతో కొయ్యకూడదు, రంపపు పొడి లోపల పడి ఇంజన్‌దే అనుకుని భయపడతాం. కాగితాన్ని విప్పి, మడతలు తెరిచి, ఎండలో పెట్టి చూస్తాం. అయస్కాంతానికి అంటేది ఉక్కు, గేర్లు, క్యామ్ లాంటి వాటి నుంచి. అంటనివి, పసుపు తళుకులో బూడిద రంగులో ఉన్నవి ఎక్కువగా బేరింగుల నుంచి, కొన్నిసార్లు పిస్టన్ల లాంటి అల్యూమినియం భాగాల నుంచి. కొత్త ఇంజన్‌లో మొదటి మార్పుకు కొంచెం తళుకు మామూలే. రెండో మార్పుకు తగ్గాలి, పెరిగితే ఎగరడం ఆపాలి. కాగితాన్ని గంటల సంఖ్య రాసిన ప్లాస్టిక్ సంచిలో దాచితే తరువాతి దానితో పోల్చుకోవచ్చు.

తూనీగరెక్క · డాలస్

తల రంధ్రంతో వచ్చే బోల్టు నా పంపుకు సరిపడేది దొరకలేదు. కాబట్టి పలక పద్ధతే. 1.6 మిల్లీమీటర్ల ఉక్కు రేకుతో చేస్తున్నాను, బోల్టు మరలో ఎంత దిగుతుందో కొలిచాను, సరిపోతుంది. కాటా పరీక్ష శనివారం. క్లిప్పు ఎన్ని కిలోల దగ్గర జారిందో ఇక్కడే రాస్తాను, రబ్బరుతో ఒకసారి, రబ్బరు లేకుండా ఒకసారి.